అప్పు లెక్క తేలాకే కువైట్ మాట

సమస్య



మాది కోట దగ్గర పల్లె. నాకు ముప్పై మూడేళ్లు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినారు. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది పాప, పదమూడేళ్లు, ఎనిమిది చదవతా ఉండాది. చిన్నోడు నాలుగో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆమెకి షుగరు, బీపీ రెండూ ఉండాయి.

మూడేళ్ల కిందట మా ఇంటాయన ఇద్దరు స్నేహితుల్తో కలిసి రొయ్యల గుంటలు లీజుకి తీసుకుని వెనామీ రొయ్య వేసినాడు. మొదటి పంట బాగానే వచ్చింది. రెండో పంటకి వైట్ స్పాట్ రోగం తగిలి, అమ్మే కౌంటుకి రాకముందే గుంట ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత వేసింది చేతికొచ్చే టయానికి అమెరికా వాళ్లు పన్నులు పెంచినారని రేటు పడిపోయింది. స్నేహితులు తప్పుకున్నారు. మేత డీలరు బాకీ, బయట తెచ్చింది కలిపి ఐదు లక్షలు మా నెత్తిన పడింది. రెండు రూపాయల వడ్డీ. ఇది కాక మా అమ్మ నాకు పెట్టిన ఐదు సవర్ల గొలుసు బ్యాంకులో కుదవ పెట్టి లక్షన్నర తెచ్చినాము. ఇప్పుడు ఆయన వేరేవాళ్ల గుంటల కాడ పనికి పోతా ఉండాడు, నెలకి పదిహేను వేలు. నేను ఇంతకు ముందు రొయ్యలు వలిచే ప్లాంటుకి పోయేదాన్ని. ఇప్పుడు మళ్లీ రమ్మంటున్నారు. వ్యాన్ వస్తుంది, పదమూడు వేలు ఇస్తారు. ఆ చలిలో పొద్దస్తమానం నిలబడి పదమూడు వేలకి ఏం తీరుద్దిలే అని ఊరుకున్నాను.

మా వదిన, అంటే ఆయన అక్క, ఎనిమిదేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తా ఉండాది. మిద్దె కట్టింది, కూతురి పెళ్లి చేసింది. నన్ను కూడా రమ్మంటా ఉండాది. నెలకి 110 దినార్లు, మన డబ్బు ముప్పై వేలంట. నా ఖర్చులు పోను ఇరవై ఐదు వేలు పంపొచ్చు, పిల్లల చదువుకీ అత్తమ్మ మందులకీ పది పోయినా పదిహేను వేలు అప్పుకి కట్టొచ్చు, మూడేళ్లలో ఐదు లక్షలూ తీరిపోతాయి అని వదిన లెక్క చెప్పింది.

ఆమెకి తెలిసిన ఏజెంటు అరవై వేలు అడిగినాడు. అడ్వాన్సు పది వేలు, నా పాస్‌పోర్టు తీసుకున్నాడు. ముందు విజిట్ వీసా మీద దుబాయ్ పోవాల, అక్కడి నించి కువైట్‌కి పంపిస్తాడంట. ఎయిర్‌పోర్టులో అడిగితే చుట్టాల ఇంటికి పోతా ఉండానని చెప్పమన్నాడు. నా పాస్‌పోర్టులో ఏదో ముద్ర ఉండాదంట, అది తీసేయించడానికి పదో తరగతి పాసైనట్టు సర్టిఫికెట్ కూడా ఆయనే చూస్తానన్నాడు.

మా ఇంటాయన్ని అడిగితే నీ ఇష్టం అంటాడు. ఒక రోజు మాత్రం, నువ్వు పోయి నాలుగు నెలలు డబ్బు పంపితే ఇంకో పంట వేస్తా, ఒక్క పంట తగిలితే చాలు అన్నాడు. అత్తమ్మేమో ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే వయసు, తల్లి లేకపోతే ఎట్టా అంటుంది. ఈ మాటలన్నీ విన్నప్పటి నించి పాప నాతో సరిగా మాట్లాడటం లేదు. పోతే పిల్లలు, ఉంటే అప్పు. నన్నేం చెయ్యమంటారు?

— ఒక తల్లి, కోట మండలం


సలహా

అమ్మా,

మిగతా విషయాలు తర్వాత. ముందు ఆ ఏజెంటు దగ్గర నుంచి మీ పాస్‌పోర్టు తెచ్చుకోండి. మీ ఇంటాయన్ని, ఊళ్లో నలుగురు గౌరవించే పెద్దమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు పట్టుకుని ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇవ్వనంటే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వండి. అడ్వాన్సు పది వేలు వస్తే మంచిదే. రాకపోయినా, ఆ పది వేల కోసం మిగతా యాభై వేలు కట్టకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆ ఏజెంటు మీ చేత చెప్పించబోయేవన్నీ అబద్ధాలే. పని కోసం వెళ్తూ చుట్టపుచూపు అని ఒకటి, చదవని పదో తరగతి చదివినట్టు ఇంకొకటి, ఒక దేశం వీసా చూపించి మరో దేశంలో దిగడం మూడోది. రేపు ఏదైనా జరిగితే ఈ మూడింటికీ జవాబు చెప్పాల్సింది మీరు. ఆయన పేరు ఏ కాగితం మీదా ఉండదు. విజిట్ వీసా మీద వెళ్లి ఇళ్లల్లో పనికి కుదిరిన మనిషికి ఆ దేశంలో కార్మికురాలిగా గుర్తింపు ఉండదు. జీతం ఇవ్వలేదని ఫిర్యాదు చేయడానికి వెళితే ముందు ఆమె మీదే కేసు పడుతుంది. దుబాయ్ దాకా తీసుకెళ్లిన ఏజెంటు అక్కడ మిమ్మల్ని ఒమన్‌కి పంపినా, ఇంకెక్కడికి పంపినా అడ్డుకునే దారి ఉండదు.

మీ పాస్‌పోర్టులో ఆయన తీసేయిస్తానన్న ముద్ర ఈసీఆర్ అనేది. పదో తరగతి పాస్ కాని వాళ్లు పని కోసం గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని దాని అర్థం. 1983 వలస చట్టం కింద వచ్చిన ఏర్పాటు ఇది. మీకు అది అడ్డంకిలా చూపించారు, కానీ మీకున్న రక్షణ అదే. ఆ అనుమతి రావాలంటే అక్కడి యజమాని పేరు, జీతం, పని వివరాలు రాసిన ఒప్పందం ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు కావాలి. ఇంటిపనికి వెళ్లే మహిళకు కనీసం ముప్పై ఏళ్లు ఉండాలి, మీకు ఉన్నాయి. మీలాంటి వాళ్లను పంపే పని ప్రైవేటు ఏజెంట్లు చేయకూడదు, ప్రభుత్వ సంస్థలే చేయాలని కేంద్రం నిబంధన పెట్టింది. మన రాష్ట్రంలో ఆ పని ఓంక్యాప్‌ది. అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల ప్రమాద బీమా వస్తుంది. రెండేళ్లకు దాని ప్రీమియం 275 రూపాయలు. లైసెన్సున్న ఏజెంటు మగవాళ్లను పంపినా ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. మీ దగ్గర అరవై అడిగాడు.

ఇక మీ వదిన చెప్పిన లెక్క. ఆమె మీ మంచి కోరే చెప్పింది, సందేహం లేదు. కానీ అందులో వడ్డీ లేదు.

ఐదు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి పది వేలు. మీరు పదిహేను వేలు కడితే పది వేలు వడ్డీకి పోయి, అసలులో తగ్గేది ఐదు వేలు. నెలనెలా వడ్డీ కాస్త తగ్గుతూ వస్తుంది, అదీ కలిపి లెక్క వేశాను. ఒక్క నెల కూడా తప్పకుండా పదిహేను వేలు కడితే అప్పు తీరడానికి 56 నెలలు పడుతుంది. అంటే నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఏజెంటుకిచ్చే అరవై వేలు కూడా అదే వడ్డీకి తెస్తే 70 నెలలు. ఆ ఒక్క అరవై వేల వల్ల మీరు పిల్లలకి ఇంకో పద్నాలుగు నెలలు దూరమవుతారు. ఎప్పుడైనా కష్టం వచ్చి పదిహేను బదులు పది వేలే పంపగలిగితే, ఎన్నేళ్లు కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. బ్యాంకులో ఉన్న గొలుసు మీద పెరిగే వడ్డీ ఈ లెక్కలో లేనే లేదు.

కాబట్టి మీ కష్టానికి మూలం ఏ దేశంలో పని చేస్తారన్నది కాదమ్మా, ఆ వడ్డీ. దాన్ని ముందు తగ్గించాలి. అందుకు మీ చేతిలో ఒక దారి ఉంది, అది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. మీ అమ్మ పెట్టిన గొలుసు అమ్మేయండి.

ఐదు సవర్లంటే నలభై గ్రాములు. పది గ్రాముల మేలిమి బంగారం ధర 2025లోనే లక్ష దాటింది. ఆభరణం కాబట్టి, తరుగు పోతుంది కాబట్టి కొంత తగ్గుతుంది. అయినా బ్యాంకు లక్షన్నరా, దాని మీద వడ్డీ తీర్చాక రెండు లక్షల దాకా చేతికి రావాలి. బ్యాంకు వాళ్లతో మాట్లాడి, గూడూరులోనో నెల్లూరులోనో రెండు మూడు చోట్ల ధర కనుక్కుని, రసీదు ఇచ్చే దుకాణంలోనే అమ్మండి. వచ్చిన రెండు లక్షలు అదే రోజు అప్పుకి కట్టి, నోటు మీద రాయించుకోండి. అప్పు మూడు లక్షలకు దిగుతుంది, వడ్డీ నెలకి ఆరు వేలకు దిగుతుంది. ఆడబిడ్డకి పుట్టింటివాళ్లు బంగారం పెట్టేది ఇలాంటి రోజు కోసం కూడానని మన అమ్మలకి తెలుసు. గొలుసు మళ్లీ చేయించుకోవచ్చు. కుదవలో వదిలేస్తే అది వడ్డీకే కరిగిపోతుంది, వేలానికి కూడా పోవచ్చు.

ఇప్పుడు ప్లాంటు జీతం సంగతి చూడండి. ఆ పదమూడు వేలూ అప్పుకే కట్టి, ఇల్లు మీ ఇంటాయన పదిహేను వేలతో నడిపితే మూడు లక్షలు 32 నెలల్లో తీరతాయి. గొలుసు అమ్మిన తర్వాత కువైట్ వెళ్లి నెలకి పదిహేను వేలు కట్టినా 26 నెలలు పడుతుంది. తేడా ఆరు నెలలు. కువైట్ వెళితే పిల్లలకీ మందులకీ ఇంకో పది వేలు అందుతాయి, అది చిన్న మాట కాదు. ఇక్కడ ఉంటే ఆ బిగువు ఇంటిల్లిపాదీ పడాలి. ప్లాంటులో చేతులు మొద్దుబారిపోయే చలి, మధ్యలో సరుకు లేక షిఫ్టులు ఆగే రోజులు ఉంటాయని నాకు తెలుసు. డ్వాక్రా సంఘంలో మీకు పొదుపు ఉంటే, వచ్చే విడత రుణంలో మీ వాటా కూడా ఈ రెండు రూపాయల అప్పు తీర్చడానికే వాడండి. సంఘం వడ్డీ ఇందులో సగం కూడా ఉండదు.

ఇంకో పంట అన్న మీ ఇంటాయన మాట నన్ను అన్నిటికంటే భయపెట్టింది. ఆయన్ని తప్పు పట్టడం లేదు. వైట్ స్పాట్ ఆయన తెచ్చింది కాదు, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిందీ ఆయన వల్ల కాదు. మన తీరంలో రొయ్య వేసిన రైతులు చాలామంది ఆ ఏడాది అలాగే దెబ్బతిన్నారు. కానీ నాలుగు నెలలు మీరు పంపే డబ్బు మేతకీ సీడ్‌కీ ఏరేటర్ల కరెంటుకీ పోయి, ఆ పంట కూడా పోతే, మీరు ఎడారి దేశంలో ఎవరి ఇంట్లోనో ఉండి ఐదు లక్షల అప్పుని ఎనిమిది చేసుకున్నట్టు అవుతుంది. గల్ఫ్‌లో ఆడవాళ్లు కష్టపడి పంపిన డబ్బు ఇలా వ్యాపారాల్లోకి పోయి, రెండేళ్లకని వెళ్లిన వాళ్లు పదేళ్లు ఉండిపోయిన ఇళ్లు కడప, చిత్తూరు జిల్లాల్లో, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. అప్పు పూర్తిగా తీరేవరకు మన పేరున గుంట వేయనని ఆయన పెద్దమనుషుల ముందు ఒప్పుకోవాలి. మీరు ఇక్కడున్నా, అక్కడికి వెళ్లినా ఈ మాట తప్పనిసరి.

మీ వదిన మిద్దె కట్టింది నిజం. ఆమె ఎంత సంపాదించిందో మీకు తెలుసు. ఇంకొన్ని సంగతులు అడగండి. ఎనిమిదేళ్లలో ఎన్ని ఇళ్లు మారింది? మధ్యలో జీతం ఆగిన నెలలు ఉన్నాయా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? ఫోన్ ఎప్పుడు ఇస్తారు? అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఏ సేటు (యజమాని) పేరున ఉంది, ఆమె పని చేసేది ఆ ఇంట్లోనేనా? వీటికి ఆమె తడుముకోకుండా జవాబు చెబితే మంచి ఇల్లు దొరికిందనుకోవచ్చు. అలా దొరికిన ప్రతి ఒక్కరి విషయంలోనూ నేను సంతోషిస్తాను. కానీ ఒకరికి మంచి ఇల్లు దొరికిందని రెండో వాళ్లకీ దొరుకుతుందని నమ్మడానికి లేదు.

కువైట్‌లో చట్టం లేదని చెప్పను. 2015లో ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేశారు. రోజుకి పన్నెండు గంటలు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. కనీస జీతం 60 దినార్లని ఆ తర్వాతి ఏడాది పెట్టారు. 2021 జూన్‌లో మన దేశం ఇంటి పనివాళ్ల గురించి కువైట్‌తో ఒప్పందం కూడా చేసుకుంది. అయినా ఒక ఇంటి తలుపు వెనక పన్నెండు గంటలు గడిచాయో పదహారు గడిచాయో చూసేదెవరు? ఇంటిపనికి ఇచ్చే ఇరవయ్యో నంబరు వీసా మీద వెళ్లిన మనిషి ఉనికి ఆ సేటుతో ముడిపడి ఉంటుంది. కొట్టారనో, జీతం ఇవ్వలేదనో ఇల్లు విడిచి బయటికి వస్తే పారిపోయిందని ఆయన కేసు పెడతాడు. అప్పటి నుంచి ఆమె మనవాళ్ల మాటల్లో ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని మనిషి. అకామా ఉండదు, ఆసుపత్రికి వెళ్లాలన్నా భయం, స్వదేశానికి రావాలంటే 2018లో, 2020లో, 2024లో ఇచ్చినట్టు క్షమాభిక్ష ఎప్పుడిస్తారా అని ఎదురుచూడాలి. మన రాయబార కార్యాలయం కష్టంలో ఉన్న మహిళలకు ఆశ్రయం ఇస్తుంది. కానీ అక్కడిదాకా చేరుకోవాలి కదా.

మగవాళ్లు లక్షలు పోసి వీసా కొనుక్కుంటుంటే ఆడవాళ్లకి ఊరికే వస్తుందని మీకెవరైనా చెప్పి ఉంటారు. ఊరికే రాదు. ఆ సేటు అక్కడి మక్తబ్‌కి, అంటే పనివాళ్లను కుదిర్చే ఆఫీసుకి, వందల దినార్లు కడతాడు. ఆ డబ్బు పెట్టాడు గనుకే రెండేళ్లు మీరు కదలకూడదనుకుంటాడు. పైగా ఇక్కడి ఏజెంటు మీ దగ్గర కూడా తీసుకుంటాడు. కువైట్ చట్టం ప్రకారం ఆ ఖర్చు పనికి వచ్చే మనిషి మీద వేయకూడదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇప్పుడు వెళ్లకండి. గొలుసు అమ్మి వడ్డీ తగ్గించుకుని ప్లాంటుకి వెళ్లండి. ఏడాది పాటు కట్టిన ప్రతి రూపాయి ఒక పుస్తకంలో రాసుకోండి. అప్పటికి షిఫ్టులు లేక డబ్బు కట్టలేకపోతున్నారనుకోండి, కువైట్ గురించి మళ్లీ ఆలోచించండి. అప్పుడైనా ఓంక్యాప్ ద్వారా, ఒప్పందం కాగితం మీకు అర్థమయ్యేలా ఎవరైనా చదివి చెప్పాకే వెళ్లాలి. దాని నకలు ఇంట్లో ఒకటి, మీ అమ్మ దగ్గర ఒకటి ఉండాలి. డబ్బు మీ పేరున తెరిచిన ఖాతాకే రావాలి, అప్పుకి కట్టే భాగం అక్కడి నుంచి నేరుగా పోవాలి. సంపాదన అక్కడ దాచకుండా నెలనెలా ఇంటికి పంపేయాలి. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు మనవాళ్లు దాదాపు లక్షా డెబ్బై వేల మంది కట్టుబట్టలతో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో ఇంటికొచ్చారు. అక్కడ పోగొట్టుకున్నదానికి పరిహారం అందడానికి చాలామందికి ఏళ్లు పట్టింది.

పాప గురించి మీ అత్తమ్మ అన్న మాటలో న్యాయం ఉంది. అయితే తల్లి లేకపోతే పెరగదని కాదు. ఈ ఏళ్లలో ఒంట్లో వచ్చే మార్పుల గురించీ, బడిలో ఎవరైనా వెంటపడితే దాని గురించీ ఆ పిల్ల భయపడకుండా చెప్పుకోగల మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. అత్తమ్మకి చెప్పుకోగలదా? మీ అమ్మకా? ఎవరూ లేకపోతే మీరు వెళ్లకూడదనడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు. ఇంటిపని మొత్తం ఆ పిల్ల నెత్తిన పడి చదువు ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. తల్లి గల్ఫ్ వెళ్లిన ఇళ్లల్లో వంట, నీళ్లు, తమ్ముడు, నాయనమ్మ మందులు అన్నీ ముందుగా పడేది పెద్దకూతురి మీదే. ఆమె మాట్లాడకపోవడం అలక అనుకోకండి. పెద్దవాళ్లు తన ఎదుటే తన గురించి అన్నీ మాట్లాడుతున్నారు, తనని మాత్రం ఎవరూ అడగలేదు. పదమూడేళ్ల పిల్లకి రెండు రూపాయల వడ్డీ అంటే ఏమిటో అర్థమవుతుంది, బడిలో ఆ లెక్కలు చేస్తూనే ఉంటుంది. ఎంత అప్పుందో, ఏ నెల ఎంత కట్టబోతున్నారో ఆమెకే చెప్పండి. నేను రాయమన్న పుస్తకం ఆమె చేతే రాయించండి.